కీటకాల పెట్టె, తెలుగు గుర్తింపు పట్టిక: తిరుపతి ప్రాజెక్టు డైరీ

జూన్: పని పరిధి

మా కళాశాల జంతుశాస్త్ర విభాగంలో ఈ ఏడాది చేపట్టిన పనిలో రెండు భాగాలున్నాయి. మొదటిది, తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఇళ్లలో, తోటల్లో, చేలల్లో మామూలుగా కనబడే కీటకాలను క్రమాల (పెంకు పురుగులు, ఈగలు వంటి పెద్ద వర్గాల) వారీగా అమర్చిన అద్దాల పెట్టె. రెండోది, హైస్కూలు పిల్లలు భూతద్దం చేతబట్టుకొని, పక్కన ఉపాధ్యాయుడు లేకపోయినా, ఒక పురుగు ఏ క్రమానికి చెందుతుందో తామే తేల్చుకోగలిగే తెలుగు గుర్తింపు పట్టిక. ఈ రెండింటిలో పట్టికే కష్టమని మొదటి నుంచీ నా అభిప్రాయం.

జాతి స్థాయి దాకా వెళ్లే ఉద్దేశం లేదు. ప్రపంచంలో ఇంతవరకు శాస్త్రవేత్తలు పేరు పెట్టిన కీటక జాతులే దాదాపు 10 లక్షలు. వాటిలో పెంకు పురుగులే 3.5 లక్షలకు పైగా ఉన్నాయి. క్రమం దాకా సరిగ్గా చేరుకోగలిగితే చాలు, ఆ పురుగు ఏమి తింటుందో, ఎలా పెరుగుతుందో, దాని పిల్లదశను ఎక్కడ వెతకాలో సగానికి సగం తెలిసిపోతుంది. కుటుంబం, ప్రజాతి, జాతి అనే తరువాతి మెట్లు నిపుణుల పని.

శేషాచలం కొండల్లోకి వల తీసుకొని వెళ్లకూడదని మొదటి సమావేశంలోనే తీర్మానించాము. శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలో అనుమతి లేకుండా ఏ జీవినీ సేకరించడానికి వీలు లేదు. పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూళ్లలో కొన్ని సీతాకోకచిలుకలు, పెంకు పురుగులు కూడా ఉన్నాయి. కాబట్టి చంద్రగిరి, పాకాల వైపు రైతుల తోటలు, విద్యార్థుల ఇళ్లు, వీధి దీపాల కింద రాలిపడినవి, ఇవే మా సేకరణ స్థలాలు. ఉదయాన్నే వీధి దీపం కింద వెతికితే చంపవలసిన అవసరం లేకుండానే మంచి నమూనాలు దొరుకుతాయి. కాకులు లేవకముందే వెళ్లాలి, అంతే.

జూన్ చివరి వారం: మామిడి టెంకలు, ఆరుద్ర పురుగులు

తోతాపురి కోతలు ముమ్మరంగా సాగుతున్నాయి. దామలచెరువు మండీ చుట్టుపక్కల, గుజ్జు ఫ్యాక్టరీల బయట టెంకలు కుప్పలుగా పడి ఉంటాయి. ఒక విద్యార్థిని సంచి నిండా టెంకలు తెచ్చి కత్తితో చీల్చగా, కొన్నింటిలో టెంక పురుగు దొరికింది. ఒక టెంకలో కాళ్లు లేని తెల్లని లార్వా (పిల్లదశ), మరొకదానిలో ప్యూపా (లార్వా ప్రౌఢ పురుగుగా మారే మధ్య దశ), ఇంకొకదానిలో సుమారు 8 మిల్లీమీటర్ల పొడవున్న, ముదురు గోధుమ రంగు ప్రౌఢ పురుగు కనిపించాయి. ముట్టుకోగానే అది కాళ్లు ముడుచుకొని చచ్చినట్టు పడిపోయింది. పిల్లదశ నుంచి ప్రౌఢదశకు రూపం పూర్తిగా మారిపోయే సంపూర్ణ రూపవిక్రియకు ఇంతకన్నా చక్కని ఉదాహరణ పెట్టెలో పెట్టలేము. మూడు దశలనూ మూడు టెంక ముక్కలతో సహా పక్కపక్కన అమర్చాలని నిర్ణయించాము.

ఈ పురుగే పట్టికకు మొదటి చిక్కు తెచ్చిపెట్టింది. దాని తల ముందుకు సాగి ముట్టెలా ఉండటంతో, రసం పీల్చే నల్లుల జాతి పురుగని కొందరు వాదించారు. భూతద్దం కింద పెట్టి చూస్తే విషయం తేలింది. ముట్టె చివర కొరికే దవడలు ఉన్నాయి. మోచేయి వంపు తిరిగిన స్పర్శశృంగాలు (మీసాలు) ఆ ముట్టె పక్కల నుంచే పుట్టుకొచ్చాయి. వీపు మీద గట్టి ముందు రెక్కలు రెండూ సరిగ్గా మధ్యలో ఒక నిలువు గీతలో కలుసుకున్నాయి. ఈ మూడూ పెంకు పురుగుల క్రమమైన కోలియోప్టెరాకు చెందిన ముక్కు పురుగు లక్షణాలు. పీల్చే పురుగుకైతే దవడలు సూదుల్లా సన్నబడి ఒక తొడుగులో ఇమిడి, తల కింద నుంచి వెనక్కి మడిచి ఉంటాయి. తల సాగడం వేరు, నోటి భాగాలు మారడం వేరు అనే సంగతి పట్టికలో బొమ్మతో సహా రావాలని ఆ రోజే రాసుకున్నాము.

ఇదే వారంలో ఆరుద్ర కార్తె ప్రవేశించి, ఒక జల్లు పడగానే ఎర్ర నేలల్లో ఆరుద్ర పురుగులు బయటికి వచ్చాయి. ఎర్రని మఖమల్ ఒళ్లున్న ఈ జీవిని మన ప్రాంతంలో ఎరగని రైతు లేడు. దీనికి ఎనిమిది కాళ్లు, స్పర్శశృంగాలు లేవు, తల, వక్షం, ఉదరం అనే మూడు భాగాల విభజన లేదు. అందువల్ల ఇది సాలీళ్లు, తేళ్లు ఉండే అరాక్నిడా విభాగానికి చెందుతుంది. అయితే దీని లార్వాకు ఆరు కాళ్లే ఉంటాయి, ఆ దశలో అది మిడతల వంటి కీటకాల ఒంటి మీద పరాన్నజీవిగా బతుకుతుంది. కాబట్టి “ఆరు కాళ్లుంటే కీటకం” అనే ఒక్క ముక్కతో పట్టిక మొదలుపెట్టలేము. మొదటి ప్రశ్నలో మూడు షరతులూ కలిపి రాశాము: శరీరం మూడు భాగాలుగా ఉండటం, వక్షానికి మూడు జతల కీళ్ల కాళ్లు ఉండటం, తల మీద ఒక జత స్పర్శశృంగాలు ఉండటం. పెట్టెలో ఒక మూల “కీటకాలు కానివి” అనే అర తీసి, అందులో ఆరుద్ర పురుగు, సాలీడు, జెర్రి, రోకలిబండ సీసాలను ఉంచుతాము. తేలు కోసం ఎవరినీ రాళ్లు ఎత్తవద్దని గట్టిగా చెప్పాను.

ఆగస్టు: వేరుశనగ చేలు, దీపపు ఎర

చేలల్లో గొంగళి పురుగులు కనబడుతున్నాయి. పిల్లలకు చూపిస్తే మొదట అడిగే ప్రశ్న కాళ్ల గురించే. గొంగళి పురుగుకు తల వెనుక ఉన్న మూడు జతలే అసలు కాళ్లు. వాటికి కీళ్లుంటాయి, చివర గోరు ఉంటుంది. ఉదరం కింద ఉన్నవి మెత్తని కండ ముద్దలు, వాటి అడుగున వరుసగా చిన్న కొక్కేలు ఉంటాయి, ఆకును పట్టుకోవడానికి. గాజు పలక మీద పాకించి కింద నుంచి భూతద్దంతో చూపించాము. కొక్కేలు విచ్చుకొని, మళ్లీ ముడుచుకోవడం స్పష్టంగా కనిపించింది. లార్వాలకు పట్టికలో వేరే పుట కేటాయించక తప్పదు, ఎందుకంటే సంపూర్ణ రూపవిక్రియ ఉన్న క్రమాల్లో పిల్లకు, తల్లికి పోలికే ఉండదు.

రాత్రిపూట ఒక రైతు మామిడి తోటలో తెల్ల పంచెను తెరలా కట్టి, వెనుక దీపం పెట్టి ఎర వేశాము. చిమ్మటలు, పేడపురుగులు, మిడతలు, నీటి నల్లులు, రెక్కలు ముడుచుకోవడం తెలియని ఒక తూనీగ, ఇంకా పేరు తెలియని చిన్న ఈగలు ఎన్నో వాలాయి. తూనీగకు, దానిలాగే పొడవాటి ఒళ్లు, జాలీ రెక్కలు ఉన్న మరొక పురుగుకు తేడా ఇక్కడే చూపగలిగాము. తూనీగ స్పర్శశృంగాలు కంటికి ఆనవు, సన్నని వెంట్రుకలంతే. రెండో దానికి పొడవుగా, చివర లావెక్కిన స్పర్శశృంగాలు ఉన్నాయి, వాలినప్పుడు రెక్కలను ఉదరం మీద వాలుగా కప్పుకొంది. అది న్యూరోప్టెరా క్రమానికి చెందినది. గుడి అరుగుల కింద, గోడల వార పొడి మట్టిలో గరాటు గుంటలు చేసి చీమల కోసం కాచుకొని ఉండేది దీని లార్వాయే.

సూదులు గుచ్చే పద్ధతి అందరికీ ఒకసారి చేసి చూపించాను. పెంకు పురుగుకు సూదిని కుడి ముందు రెక్క పైభాగంలో గుచ్చాలి. మధ్య గీత, ఎడమవైపు మొత్తం చెదరకుండా ఉంటాయి. మిడతకు తల వెనుక ఉన్న కవచం చివర, కుడి పక్కన గుచ్చాలి. సీతాకోకచిలుకకు సరిగ్గా వక్షం మధ్యలో గుచ్చి, రెక్కలను థర్మకోల్ పలక మీద కాగితపు పట్టీలతో పరచి ఆరనివ్వాలి. సూది పట్టని చిన్న వాటిని ముక్కోణపు అట్టముక్క కొసకు జిగురుతో అంటించాలి. పేనుబంక, చెదపురుగు, లార్వాల వంటి మెత్తని వాటిని ఎండబెడితే ముడతలు పడిపోతాయి కనుక ఆల్కహాలు సీసాలోనే ఉంచాలి. ప్రతి సూదికీ ఊరు, తేదీ, సేకరించిన వారి పేరు, ఏ మొక్క మీద దొరికిందో రాసిన చీటీ ఉండాలి. చీటీ లేని నమూనా ఎంత అందంగా ఉన్నా పెట్టెలోకి రాదు; ఈ విషయంలో నేను మొహమాటపడను.

సెప్టెంబరు: పెంకు పురుగు వేషంలో ఉన్నవి

పొదల్లో, తుమ్మ చెట్ల మీద జీరంగులు దొరికాయి. అగ్గిపెట్టెలో పెట్టి తుమ్మాకు మేపిన బాల్యం ఉన్నవారికి వీటిని పరిచయం చేయనక్కరలేదు. ఆకుపచ్చ మెరుపు రంగుద్రవ్యం వల్ల కాకుండా, పెంకు పొరల నిర్మాణం మీద వెలుతురు పరావర్తనం చెందడం వల్ల ఏర్పడుతుంది కాబట్టి, ఎండిన నమూనాలో కూడా ఆ మెరుపు వెలిసిపోదు.

అడవి ఆముదం మొక్కల మీద అంతే మెరుపుతో మరో పురుగు దొరికింది, అదీ జీరంగే అని చీటీ రాసి తెచ్చారు. వీపంతా ఒకే డిప్ప; మధ్య గీత కోసం వెతికితే లేదు. తిరగవేసి చూస్తే, తల కింద నుంచి కాళ్ల మధ్యగా వెనక్కి మడిచిన పీల్చే గొట్టం ఉంది. ఇది హెమిప్టెరా క్రమంలోని పురుగు. నల్లులు, పేనుబంక, పిండినల్లి, తెల్లదోమ, ఇలకోళ్లు అన్నీ దీని బంధువర్గమే. మామూలుగా ఈ క్రమంలో వక్షం వెనుక చిన్న ముక్కోణపు పలక ఉంటుంది. ఈ కుటుంబంలో ఆ పలకే పెరిగి ఉదరమంతా కప్పేసింది, రెక్కలు దాని కింద దాక్కున్నాయి. అందుకే పట్టికలో రంగు, మెరుపు, పరిమాణం అనే మాటలు ఎక్కడా రాకూడదని నియమం పెట్టుకున్నాము. మనిషి చూపు మొదట పడేది వాటి మీదే, క్రమం తేల్చడంలో ఎందుకూ కొరగానివీ అవే.

అక్టోబరు: ఉసుళ్లు

ఈ ప్రాజెక్టులో ఎక్కువ చర్చ జరిగింది ఉసుళ్ల, అంటే రెక్కలొచ్చిన చెదపురుగుల గురించే. సాయంత్రం వాన వెలిసిన తరువాత పుట్టల్లోంచి గుంపులుగా లేచి దీపాల చుట్టూ మూగాయి. మన పల్లెల్లో వీటిని పట్టి, వేయించి, బొరుగులు కలుపుకొని తినే అలవాటు ఇప్పటికీ ఉంది; ఇద్దరు విద్యార్థుల ఇళ్ల నుంచి సగం నమూనాలు వేయించిన తరువాతే అందాయని ఇక్కడ రాయక తప్పదు.

అదే దీపానికి రెక్కల చీమలు కూడా వచ్చాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాము. ఉసిలికి నాలుగు రెక్కలూ ఒకే పొడవు. స్పర్శశృంగాలు పూసలు గుచ్చినట్టు తిన్నగా ఉంటాయి. వక్షానికి, ఉదరానికి మధ్య నడుము సన్నబడదు. చీమకు ముందు రెక్కలు పెద్దవి, వెనుకవి చిన్నవి. స్పర్శశృంగం మోచేయిలా వంగి ఉంటుంది. నడుము పోగులా సన్నగా ఉంటుంది. ఉసిలి రెక్కను వేలితో తాకితే చాలు, మొదట్లో ఉన్న అడ్డగీత దగ్గర తెగి ఊడిపోతుంది, చిన్న మొదలు మాత్రం ఒంటికి మిగులుతుంది. తెల్లచీమ అని వాడుకలో అన్నంత మాత్రాన చెదపురుగు చీమ కాదు. చీమ గుడ్డు, లార్వా, ప్యూపా దశలు దాటి వస్తుంది. చెదపురుగుకు ప్యూపా దశే లేదు, పిల్ల పుట్టినప్పటి నుంచి తల్లి పోలికతోనే ఉంటుంది.

ఈ పురుగును ఏ అరలో పెట్టాలి? ఆ ప్రశ్నకు చరిత్రలోనే మూడు జవాబులున్నాయి. 1758లో స్వీడన్ ప్రకృతి శాస్త్రవేత్త కార్ల్ లిన్నేయస్ కీటకాలను ఏడు క్రమాలుగా విభజించినప్పుడు ప్రధానంగా రెక్కలనే ఆధారంగా తీసుకున్నాడు. రెక్కలు లేని ఆప్టెరా అనే క్రమంలో పేలు, సాలీళ్లు, తేళ్లు, పీతలు, జెర్రులతో పాటు చెదపురుగును కూడా వేశాడు. పుట్టలోని పనిపురుగును మాత్రమే చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు. ఆయన శిష్యుడు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ తమిళనాడు తీరంలోని తరంగంబాడికి వచ్చి, తంజావూరు ప్రాంతపు చెదపురుగులను స్వయంగా పరిశీలించి 1779లో వివరంగా రాశాడు. ఆ కోనిగ్ చివరికి మన కాకినాడ దగ్గరి జగన్నాథపురంలో 1785లో మరణించాడు. లిన్నేయస్ మరో శిష్యుడు ఫాబ్రిసియస్ 1775లో రెక్కలను పక్కనపెట్టి నోటి భాగాల ఆధారంగా కీటకాలను వర్గీకరించాడు. కోనిగ్ పంపిన దక్షిణ భారత నమూనాలలో ఎన్నిటికో పేర్లు పెట్టింది ఆయనే.

తరువాత చెదపురుగులకు, సమానమైన రెక్కలున్నవి అనే అర్థంలో, ఐసోప్టెరా అనే సొంత క్రమం ఏర్పడింది. మన పాఠ్యపుస్తకాల్లో చాలాకాలంగా ఉన్నది ఇదే. అయితే 2007లో వెలువడిన డీఎన్ఏ అధ్యయనం చెదపురుగులు బొద్దింకల వంశవృక్షంలోని ఒక కొమ్మ అని తేల్చింది. ఇప్పుడు వాటిని బొద్దింకల క్రమమైన బ్లాటోడియాలోనే చేరుస్తున్నారు. దీనికి ఆనవాళ్లు ముందే ఉన్నాయి. కొయ్య తినే క్రిప్టోసెర్కస్ అనే బొద్దింక పేగుల్లో, చెదపురుగుల పేగుల్లో ఉండేలాంటి ఏకకణ జీవులే ఉండి కొయ్యను జీర్ణం చేస్తాయి. ఆస్ట్రేలియాలోని మాస్టోటెర్మిస్ అనే చెదపురుగు తన గుడ్లను బొద్దింకలాగే జంట వరుసల్లో అంటించి పెడుతుంది.

“సార్, పరీక్షలో ఐసోప్టెరా అని రాయకపోతే మార్కులు పోవా?” అని ఒకరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. చెదపురుగును బొద్దింక వరుసలోనే పెట్టి, చీటీలో “పూర్వపు క్రమం: ఐసోప్టెరా” అని ఒక పంక్తి చేర్చాము.

నవంబరు: వానలు

ఈశాన్య రుతుపవనాల తేమకు పెట్టె మూల నమూనాల మీద తెల్లని బూజు కనిపించింది. వాటిని తీసి, మెత్తని కుంచెతో తుడిచి, బల్బు వెచ్చదనంలో ఆరబెట్టాము. నాఫ్తలీన్ ఉండలు పురుగులను ఆపగలవు గాని బూజును ఆపలేవు. సిలికా జెల్ పొట్లాలు చేర్చాము. పెట్టె కాళ్లను నీటి గిన్నెల్లో ఉంచితేనే చీమల బెడద తగ్గింది. ఈ నెలలో కొత్త సేకరణ ఏమీ లేదు.

డిసెంబరు: పట్టిక రూపం

రెక్కల ప్రశ్నను పట్టికలో ముందు పెట్టాలా, నోటి ప్రశ్నను ముందు పెట్టాలా అన్న విషయం ఈ నెల తేలింది. క్రమాల పేర్లలో ఎక్కువ భాగం రెక్కల పేర్లే కాబట్టి రెక్కతో మొదలుపెట్టడం సహజమనిపిస్తుంది. కానీ పెట్టెలోని నమూనాలను చూస్తే పనిచీమకు రెక్కల్లేవు, పిండినల్లి ఆడదానికి లేవు, పేనుకు లేవు, పుట్టలోని చెదపురుగుకు లేవు. ఇవి నాలుగూ వేర్వేరు క్రమాలకు చెందినవి. నోరు మాత్రం ప్రౌఢదశలో దాదాపు ప్రతి పురుగుకూ ఉంటుంది, కొరికేదో పీల్చేదో భూతద్దంలో తెలుస్తుంది. అందుచేత నోటిని ముందు పెట్టి, రెక్కలను రెండో మెట్టుకు జరిపాము.

రెండో మెట్టులో ఈగల క్రమమైన డిప్టెరాకు ప్రత్యేక స్థానం ఉంది. పూల మీద తేనెటీగలాగా పసుపు, నలుపు చారలతో గాలిలో నిలిచి ఎగిరే ఒక పురుగును పరీక్షకు ఇస్తే, చూసినవారంతా కందిరీగ అనే అన్నారు. రెక్కలు లెక్కపెట్టమన్నాము: రెండే. వెనుక రెక్కలు ఉండవలసిన చోట చిన్న కాడ, దాని చివర ముద్ద ఉన్నాయి. ఇవి హాల్టియర్లు, ఎగిరేటప్పుడు రెక్కలతో పాటు కంపిస్తూ, ఒళ్లు ఏ వైపు తిరుగుతోందో ఈగకు తెలియజేస్తాయి. దీపం దగ్గర దొరికిన పొడవు కాళ్ల ఈగలో ఇవి భూతద్దం లేకుండానే కనబడతాయి కాబట్టి దానినే పెట్టెలో నమూనాగా ఉంచాము. కందిరీగకు, తేనెటీగకు నాలుగు రెక్కలుంటాయి. వెనుక రెక్క అంచున ఉన్న సన్నని కొక్కేలు ముందు రెక్కకు తగులుకొని రెండూ ఒకే రెక్కగా ఆడతాయి. అందుకే పైపైన చూస్తే రెండే అనిపిస్తుంది. సూది మొనతో మెల్లగా విడదీసి లెక్కపెట్టాలని పట్టికలో రాశాము.

పాత రికార్డు పుస్తకాల మధ్య దొరికిన వెండి పురుగును, పూలకుండీ తడిమట్టిలో ఎగిరిపడే స్ప్రింగ్‌టెయిల్‌ను పక్కపక్కన పెట్టాము. రెండింటికీ ఆరేసి కాళ్లున్నాయి, రెండూ పుట్టుకతోనే రెక్కలు లేని వంశాలవి. వెండి పురుగు కీటకమే. ప్రౌఢదశకు వచ్చాక కూడా అది కుబుసం విడుస్తూనే ఉంటుంది. స్ప్రింగ్‌టెయిల్ నోటి భాగాలు తల లోపలికి ఒదిగి ఉంటాయి, ఉదరంలో ఆరు ఖండితాలే ఉంటాయి. నేటి వర్గీకరణలో అది షట్పాదుల్లో (ఆరు కాళ్ల జీవుల్లో) చేరుతుంది గాని కీటకాల విభాగంలో కాదు. హైస్కూలు పట్టికకు ఈ సూక్ష్మం అవసరమా అని సహోద్యోగులు అడిగారు. నా పట్టుదల మీద అడుగున చిన్న అక్షరాల్లో ఉంచాము.

ఫిబ్రవరి: మామిడి పూత

తోటలు పూతతో ఉన్నాయి, దానితో పాటే తేనెమంచు పురుగులూ వచ్చాయి. ఒకే పూగుత్తి మీద రెక్కలు రాని పిల్లలు, రెక్కలు మొలకలెత్తిన పిల్లలు, ఎగిరే ప్రౌఢ పురుగులు కలిసి ఉన్నాయి. అన్నీ ఒకే ఆకారం, అన్నీ రసం పీల్చేవే. టెంక పురుగు మూడు దశల పక్కన దీనిని పెడితే, సంపూర్ణ రూపవిక్రియకు, అసంపూర్ణ రూపవిక్రియకు తేడా ఒకే మామిడి చెట్టు నుంచి చూపించవచ్చు. ఆకుల మీద జిగురుగా కారిన విసర్జన, దాని మీద పెరిగిన నల్లని మసి తెగులు కూడా ఒక ఆకుతో సహా అరలో చేరాయి.

ఒక ప్రభుత్వ హైస్కూలులో తొమ్మిదో తరగతి పిల్లలతో పట్టికను పరీక్షించాము. పెంకు పురుగులు, సీతాకోకచిలుకలు, మిడతలు ఎవరికీ కష్టం కాలేదు. బొద్దింక దగ్గర చాలామంది ఆగిపోయారు, దాని ముందు రెక్కలు కూడా బిరుసుగానే ఉంటాయి కనుక. “రెక్కలు గీతలో కలుస్తాయా, ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయా?” అనే ప్రశ్నను వారి ముందే చేర్చి, మళ్లీ ఇస్తే తేల్చగలిగారు.

మిగిలిన పని తామర పురుగులది. 2021 నుంచి మిరప పూలను పీడిస్తున్న త్రిప్స్ పార్విస్పైనస్ పేరు రైతులందరికీ తెలిసిందే గాని, మిల్లీమీటరు దాటని ఆ పురుగు రెక్కల అంచున ఉన్న వెంట్రుకల కుచ్చును, ఎడమ దవడ ఒక్కటే పెరిగిన నోటిని చూపాలంటే భూతద్దం చాలదు. ఆ క్రమానికి స్లయిడ్ చేసి, సూక్ష్మదర్శిని ఫొటోను అరలో అతికించాలి. మిరప పూలు తెచ్చే బాధ్యత పాకాల విద్యార్థులు తీసుకున్నారు. స్లయిడ్ ఆరిన తరువాత పట్టిక అచ్చుకు వెళ్తుంది.